తోలు మీద కొట్టిన డిజైన్ తెల్లారేసరికి మాయమవుతోందా?

తోలు పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సాయం అడుగుతూ నాకు పంపే ఫొటోల్లో సగానికి పైగా ఒకటే సమస్య. బెల్టు మీద తీగ డిజైన్ కొట్టారు, లేదా పర్సు మీద పేరు కొట్టారు. తడి మీద అచ్చు చక్కగా దిగింది. ఆరాక చూస్తే గీతలు పూడుకుపోయాయి. బరువైన మ్యాలెట్ (స్టాంపు మీద కొట్టే సుత్తి) కొనాలా, స్టాంపులు మార్చాలా, నీళ్లు ఎక్కువయ్యాయా అని అడుగుతారు. తోలు ఏ రకం అని నేను అడిగితే వచ్చే జవాబు: "ప్యూర్ లెదరే అండీ, మంచి రేటు పెట్టి కొన్నాను."

ప్యూర్ లెదర్ అంటే అది నిజమైన చర్మం అని మాత్రమే. దాన్ని దేంతో పదును చేశారో, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా దేంతో తోలుగా మార్చారో (ట్యానింగ్), ఆ మాట చెప్పదు. పులిహోర చేయాలంటే బియ్యం పాతవా కొత్తవా అని అడిగి మరీ కొంటాం. తోలు దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి, చేత్తో తడిమి, బిల్లు కట్టేస్తున్నాం.

అచ్చు నిలవట్లేదు: మామూలు కారణం

మార్కెట్లో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమ్ ట్యాన్. క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో పదునవుతుంది, మెత్తగా ఉంటుంది, తడిసినా ఓర్చుకుంటుంది. హ్యాండ్‌బ్యాగులకు, జాకెట్లకు, షూ పైభాగానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ క్రోమియం చర్మంలోని పోగుల్ని ఒకదానితో ఒకటి గట్టిగా కట్టేస్తుంది కాబట్టి, ఎంత నొక్కినా స్పాంజిలా మళ్లీ పైకి లేస్తుంది.

వెజ్ ట్యాన్ అంటే చెట్ల చెక్కతో (బెరడుతో), కాయలతో పదును చేసింది. మన ఊళ్లలో లందల్లో (తోళ్లు నానబెట్టే తొట్లలో) తంగేడు చెక్క, కరక్కాయ వేసి రోజుల తరబడి నానబెట్టి చేసిన తోలు ఇదే. తడిస్తే మెత్తబడుతుంది, ఆరాక మనం ఇచ్చిన రూపంలోనే బిగుసుకుంటుంది. టూలింగ్ (పనిముట్లతో తోలు మీద డిజైన్ తీయడం), స్టాంపింగ్ (స్టాంపుతో అచ్చు కొట్టడం), తడిపి అచ్చుకు బిగించి చేసే కత్తి ఒరలు, కళ్లజోడు పెట్టెలు, వీటన్నిటికీ ఇదే కావాలి.

చూసుకోవడం అర నిమిషం పని. కత్తిరించిన అంచును వెలుతురులో పెట్టి చూడండి. పైన ఏ రంగున్నా లోపల నీలం కలిసిన బూడిద రంగు చార కనిపిస్తే అది క్రోమ్. దాని మీద అచ్చు నిలవదు. దాన్ని బ్యాగుకో పౌచ్‌కో వాడి, టూలింగ్‌కు వేరే తోలు తెచ్చుకోండి. దయచేసి ఈ ఒక్క పని కొనేముందు చేయండి, కోసేశాక కాదు.

అంచు గోధుమ రంగులోనే ఉంది, అయినా అచ్చు నిలవట్లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇది. ఎనిమిది డైరీ కవర్ల ఆర్డర్ ఒప్పుకున్నాను, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. షాపులో వెజ్ అన్నారు. రెండు మిల్లీమీటర్ల మందం, లేత గోధుమ రంగు, అంచు లోపలి దాకా అదే రంగు. నీటి చుక్క వేస్తే పీల్చుకుని నల్లబడింది. అనుమానం తీరక ఇంకో పరీక్ష కూడా చేశాను: ఇనుప పీచు నానబెట్టిన వెనిగర్ ఒక చుక్క వేస్తే క్షణాల్లో కారునలుపు మచ్చ పడింది. ఇంకేం కావాలి అనుకుని ఎనిమిదీ కోసేశాను.

రాత్రి కొట్టిన అక్షరాలు పొద్దున్నకి మూలలు గుండ్రబడి ఉన్నాయి. మళ్లీ తడిపి, ఇంకా గట్టిగా కొట్టాను. మర్నాడు మళ్లీ అంతే. రెండు రోజులు నా చేతినే అనుమానించాను. మూడో రోజు ఆ తోలు ముక్క ఒకటి, పాత వెజ్ ట్యాన్ ముక్క ఒకటి కలిపి మరిగే నీళ్లలో వేశాను. పాత ముక్క చూస్తుండగానే మెలితిరిగి, ఎండు మిరపకాయలా ముడుచుకుపోయింది. తీసి ఆరనిస్తే చెక్కలా గట్టిపడి, గోటితో కొడితే టకటకమంది. కొత్త ముక్క ఎలా వెళ్లిందో దాదాపు అలాగే బయటికి వచ్చింది.

అది సెమీ క్రోమ్. ముందు చెక్కరసంతో పదును చేసి, తర్వాత మెత్తదనం కోసం మళ్లీ క్రోమ్ పట్టించిన తోలు. తమిళనాడు ట్యానరీల్లో చెక్కరసంతో పదునై, ఇ.ఐ. (ఈస్ట్ ఇండియా) తోలు అనే పేరుతో అమ్ముడయ్యే సరుకుకు ఆ తర్వాత ఇలా క్రోమ్ పట్టించడం షూ పరిశ్రమలో మామూలే. తయారైంది చెక్కరసంతోనే కాబట్టి షాపువాళ్లు వెజ్ అనే చెబుతారు. వాళ్లది మోసం అనలేం, వాళ్లకు వచ్చిన మాటే మనకు చెబుతున్నారు.

మరి ఇనుము పరీక్ష ఎందుకు తప్పింది? నిజానికి అది తప్పలేదు, నేను దాన్ని చదవడం తప్పింది. కలంకారీలో కరక్కాయ పట్టిన బట్ట మీద ఇనుప రసం పడగానే నలుపు వస్తుంది కదా, తోలు మీదా జరిగేది అదే. చెక్కలో, కాయల్లో ఉండి తోలును పదును చేసే టానిన్ అనే పదార్థం ఉంటే ఇనుము నల్లబడుతుంది. సెమీ క్రోమ్‌లో టానిన్ ఉంది, నల్లబడింది. పక్కనే క్రోమ్ కూడా ఉందన్న సంగతి ఆ మచ్చ చెప్పదు. నీటి చుక్క పరీక్ష అంతకంటే తక్కువ చెబుతుంది. పైన కోటింగ్ లేదని తప్ప అందులో తెలిసేదేమీ లేదు.

కాబట్టి వేడినీళ్ల పరీక్షే చేయండి. షాపులో కాలి వైపు వంకర అంచు నుంచి చిన్న ముక్క అడగండి, ఇస్తారు. చిటికెన వేలంత పట్టీ కోసి, కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు బాగా తెర్లుతుండగా రెండు నిమిషాలు ఉంచి తీసి, గీత మీద పెట్టి చూడండి. వెజ్ ట్యాన్ సాధారణంగా 70 నుంచి 85 డిగ్రీల దగ్గరే ముడుచుకుంటుంది. క్రోమ్ బాగా పట్టిన తోలు మరిగే నీళ్లను తట్టుకుంటుంది. కొద్దిగా మాత్రమే వంగి కొలత పెద్దగా తగ్గకపోతే సెమీ క్రోమ్ అనుకుని పక్కన పెట్టండి. ముక్క కాల్చి, బూడిద పచ్చగా ఉంటే క్రోమ్ అని తేల్చే పద్ధతీ ఉంది. క్రోమ్ తోలు పొగ ఇంట్లో పీల్చకూడదు, నేను అది మానేశాను.

ఇప్పటికే కొనేశారా? దాన్ని పారేయకండి. లైనింగ్‌కు, టోట్ బ్యాగుకు, పెన్ను పౌచ్‌కు చక్కటి తోలు. డిజైన్ కావాలంటే వేరే రంగు తోలులో ఆకారం కోసి పైన అతికించి కుట్టండి, లేదా కుట్టుతోనే డిజైన్ తీయండి. మళ్లీ మళ్లీ తడిపి కొడితే పైపొర నలగడం తప్ప ఏమీ జరగదు. నేను ఆ ఎనిమిది కవర్లూ కొత్త తోలు తెచ్చి మొదటి నుంచి చేశాను.

బెల్టు సాగిపోతోంది

పొట్ట భాగం తోలుతో చేసి ఉంటారు, లేదా అడ్డంగా కోసి ఉంటారు. పొట్ట దగ్గర పోగులు వదులుగా ఉంటాయి. బెల్టుకు వీపు భాగం, వెన్నుకు సమాంతరంగా, 3 నుంచి 4 మిల్లీమీటర్లు. షాపులో ముక్కను లోపలికి మడవండి, పైపొర వదులు చర్మంలా ముడతలు పడితే ఆ చోటు వద్దు. కోసేసిన బెల్టుకు వెనుక సాగని నైలాన్ పట్టీ వేసి కుడితే కొంత నిలబడుతుంది.

పర్సు మడత పడట్లేదు, ఇటుకలా ఉంది

పొరలు లెక్కపెట్టలేదు. బయటికి 1.2, లోపలి అరలకు 0.8 మిల్లీమీటర్లు దాటొద్దు. లోపలి అరలకు మేకతోలు తీసుకోండి, పల్చగా ఉన్నా గట్టిది. గొర్రెతోలు చేతికి హాయిగా ఉంటుంది కానీ కుట్టు దగ్గర చిరుగుతుంది. మందంగా ఉన్న తోలును షాపులోనే స్ప్లిటింగ్ మెషిన్ మీద పల్చన చేయించండి. ఇప్పటికే కోసి ఉంటే కుట్టు వచ్చే అంచుల్ని స్కైవ్ చేయండి, అంటే కత్తితో చెక్కి పల్చన చేయండి.

అంచులు ఎంత రుద్దినా నున్నబడట్లేదు

ఇదీ క్రోమే. రుద్దడం ఆపి ఎడ్జ్ పెయింట్ వేయండి.

లాంప్ షేడ్‌లోంచి వెలుగు రావట్లేదు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు చేసే దీపాలు చూసి ముచ్చటపడి, షాపులో మేకతోలు కొని ప్రయత్నించేవాళ్లున్నారు. ఆ తోలు పదును చేసింది కాదు. మేకచర్మం నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, లాగి కట్టి ఆరబెట్టింది. అందుకే దాంట్లోంచి వెలుగు పారుతుంది. పదును చేసిన తోలు ఎంత పల్చగా ఉన్నా ఆ వెలుగు ఇవ్వదు. పదును చేయని మేకచర్మం ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడగండి, డప్పులు కట్టేవాళ్లకు తెలిసి ఉంటుంది.

ఏడాదికే పైపొర పెచ్చులుగా ఊడిపోతే అది తోలు పొడిని జిగురుతో అతికిన బాండెడ్ లెదరో, రెగ్జినో. దానికి రిపేరు లేదు. వానాకాలంలో తెల్లటి పొర కనిపిస్తే హెయిర్ డ్రయ్యర్ పట్టండి, కరిగి లోపలికి పోతే కొవ్వు, అలాగే ఉంటే బూజు. రెండిట్లో ఏదైనా తుడిచి గాలి తగిలేలా ఉంచితే చాలు. ఇత్తడి బటన్ చుట్టూ పచ్చటి చిలుము వస్తే పొడిగుడ్డతో తుడిచేయండి, తోలులోని కొవ్వు వల్ల వచ్చేదే, టెన్షన్ అక్కర్లేదు.