ట్రైలర్ యజమానికి సొంత పాఠాలు – 5: చక్రాల బేరింగులు విప్పి గ్రీజు పెట్టడం

ముందు పోయిన పాఠం ప్రశ్నకు జవాబు. ముందు గోడ కింది మూలలో తేమ మీటరు ఎక్కువ చూపిస్తే మొదట ఎక్కడ వెతకాలి? పైన వెతకాలి. గోడలోకి దిగిన నీరు ఫ్రేము వెంట జారి కింద చేరుతుంది. కాబట్టి ఆ మూలకు సరిగ్గా పైనున్న మార్కర్ లైటు, మూల పట్టీ స్క్రూలు, పైకప్పు అంచు, వీటన్నిటినీ చూడాలి. కింద సీలెంటు పూసి ఊరుకుంటే నీరు బయటికి పోయే దారి మూసేసినట్టే.

ఇక చక్రాల దగ్గరికి వద్దాం. కారు నడిపేవాళ్లకు ఈ రోజుల్లో చక్రం బేరింగు గురించి పట్టించుకునే పని దాదాపు లేదు. చాలా కార్లలో అది సీలు చేసిన ఒకే ముక్క, పాడైతే మొత్తం మార్చేస్తారు. ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) ఇరుసు మాత్రం ఎక్కువగా పాత పద్ధతిలోనే వస్తుంది. ప్రతి హబ్బులో (చక్రం బిగించే మధ్య దిమ్మలో) రెండు టేపర్ రోలర్ బేరింగులు (ఒకవైపు సన్నబడే ఉక్కు రోలర్లు ఉన్నవి), వెనక ఒక సీలు, ముందు ఒక టోపీ, మధ్యలో గ్రీజు. దీన్ని విప్పి చూడాల్సిందే. కారు అలవాటుతో వదిలేస్తే ఒకరోజు రోడ్డు మీద హబ్బు పట్టేస్తుంది, స్పిండిలు (ఇరుసు చివర హబ్బు తిరిగే కడ్డీ) కాలిపోతుంది, కొన్నిసార్లు చక్రమే ఊడి పక్కకు పోతుంది.

తిరగడం వల్ల అరిగేదానికి తోడు కదలకుండా ఉండటం వల్ల జరిగే నష్టం కూడా ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ట్రైలరు ఒకేచోట నిలబడి ఉంటుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే హబ్బు లోపల తేమ పడుతుంది. రోలరు కప్పును (అది తిరిగే ఉక్కు రింగును) ఆనుకున్న చోట గ్రీజు పొర పక్కకు జారి, సరిగ్గా ఆ గీత మీదే తుప్పు పడుతుంది. తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ రోలర్లు ఆ గరుకు గీత మీదుగా పోతూ దాన్ని గుంటగా మారుస్తాయి. అందుకే గడువును కిలోమీటర్లతోపాటు కాలంతోనూ లెక్కపెడతారు: 12 నెలలు లేదా సుమారు 19,000 కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది. "ఈ ఏడాది ఎక్కడికీ పోలేదు కదా" అన్నది వాయిదాకు కారణం కాదు.

సామాను

జాకీ, రెండు జాక్ స్టాండులు, చక్రాలకు అడ్డు దిమ్మలు, టార్క్ రెంచి, సుత్తి, చదును స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, ఇత్తడి కడ్డీ, వెడల్పాటి చెక్క దిమ్మ, కిరోసిన్ లేదా మినరల్ స్పిరిట్, పోగులు రాలని గుడ్డ. గ్రీజు ఎన్ఎల్‌జీఐ 2 గ్రేడు (గట్టిదనం కొలత) లిథియం కాంప్లెక్స్ రకం, డ్రాప్ పాయింట్ (గ్రీజు కరిగి కారడం మొదలయ్యే వేడి) కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అరకిలో డబ్బా నాలుగు హబ్బులకు సరిపోతుంది. ప్రతి హబ్బుకూ కొత్త సీలు, కొత్త కాటర్ పిన్ను (నట్టు తిరగకుండా ఆపే చీలిక పిన్ను) తప్పనిసరి. పాత సీలు బాగానే కనిపించినా మళ్లీ పెట్టకండి. ఊడదీసేటప్పుడే దాని అంచు వంగిపోతుంది, సీలు కోసం మిగుల్చుకున్న డబ్బుకు బదులు గ్రీజు కారి పాడైన బ్రేక్ షూల (డ్రమ్మును లోపలినుంచి ఒత్తి ఆపే భాగాలు) స్థానంలో కొత్తవి కొనాల్సి వస్తుంది.

బేరింగు నంబరు దాని అంచునే చెక్కి ఉంటుంది. 3,500 పౌండ్ల బరువు మోసే ఇరుసుల్లో బాగా కనిపించేవి లోపలివైపు ఎల్68149, బయటివైపు ఎల్44649. వాటి కప్పులు వరసగా ఎల్68111, ఎల్44610. మీ ఇరుసు ఈ రకమే అనుకుని ముందే కొనకండి, విప్పి నంబరు చదివి కొనండి. కోన్ అంటే రోలర్లు ఉన్న భాగం. కప్పు అంటే హబ్బులో బిగుతుగా దిగ్గొట్టిన ఉక్కు రింగు, వర్క్‌షాపుల్లో రేసు అంటారు. ఈ రెండూ కలిసే అరుగుతాయి కాబట్టి కలిపే మార్చాలి.

విప్పడం

ట్రైలరును లాగే బండికి తగిలించే ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయండి. అవతలివైపు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. చక్రం నేలమీద ఉండగానే వీల్ నట్లు అరచుట్టు వదులు చేయండి, గాల్లో ఉన్నాక వదులు చేయబోతే చక్రం తిరిగిపోతుంది. జాకీని ఇరుసు గొట్టం కింద మాత్రం పెట్టొద్దు. అది లోపల బోలుగా ఉండి, కొలిచి కాస్త వంచిన గొట్టం. మధ్యలో ఎత్తితే ఆ వంపు మారిపోయి టైర్లు ఒక అంచునే అరుగుతాయి. స్ప్రింగు పట్టీ తగిలే చోటుకు దగ్గరగా, ఛాసిస్ ఫ్రేము కింద ఎత్తి, అక్కడే స్టాండు పెట్టండి. జాకీ మీద నిలబెట్టి పనిచేయొద్దు.

చక్రం తీసే ముందు ఒక పరీక్ష చేయండి. టైరును పైనా కిందా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. కొంచెం ఆట (వదులు కదలిక) ఉండటం మామూలే. టక్ టక్ మని కొట్టుకుంటే బిగింపు వదులైందన్నమాట, లేదా బేరింగు అరిగిందన్నమాట. తర్వాత చేత్తో తిప్పి, మరో చెయ్యి స్ప్రింగు మీద ఆనించండి. మంచి బేరింగుకు చేతికి ఏమీ తెలియదు. గుంటలు పడ్డదైతే గరగరమనే అదురు చెవికంటే ముందు చేతికే అందుతుంది.

చక్రం తీశాక, హబ్బు మధ్యలోని గ్రీజు టోపీ అంచు చుట్టూ స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెంగా తట్టి ఊడదీయండి. ఒకేవైపు కొడితే టోపీ సొట్టపోతుంది. కాటర్ పిన్ను నిటారు చేసి లాగండి. కొన్ని ఇరుసుల్లో పిన్ను బదులు వంచే నాలుక ఉన్న వాషరు ఉంటుంది. నట్టు, వాషరు తీసి, హబ్బుతో కలిసే ఉన్న బ్రేకు డ్రమ్మును రెండు చేతులతో కాస్త ముందుకు లాగితే బయటి బేరింగు చేతిలోకి జారుతుంది. అది నేలమీద పడి ఇసుక అంటుకోకుండా చూసుకోవాలి. డ్రమ్ము రాకపోతే బలవంతం చేయకండి. అరుగుదలతో లోపల ఏర్పడ్డ గట్టుకు షూలు తగులుకుని ఉంటాయి, వెనక ప్లేటు కింది రంధ్రంలోంచి బ్రేకు సర్దుబాటు పళ్లచక్రాన్ని వదులు చేస్తే వచ్చేస్తుంది.

డ్రమ్ము బోర్లించి లోపలి బేరింగును, సీలును చెక్కముక్కతో తట్టి తీయండి. ఏ బేరింగు ఏ చక్రానిదో కలవకుండా డబ్బాల్లో వేరుగా పెట్టి పేరు రాయండి. అంతకుముందు వాడిన కోన్ ఇంకో బేరింగు కప్పులోకి పోకూడదు. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఎగరేయొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవండి.

గ్రీజు చెప్పే కబుర్లు

కడిగేముందు పాత గ్రీజును వేళ్ల మధ్య రుద్ది చూడండి. రంగు ముదిరినా మెత్తగా, జారుడుగా ఉంటే సరే. పాలు కలిపినట్టు తెల్లబారితే నీరు చేరింది, సీలో టోపీయో పాడైంది. నల్లగా, గట్టిగా, మాడిన వాసనతో ఉంటే వేడెక్కింది. మెరిసే రజను కనిపిస్తే లోహం అరుగుతోంది, ఇక బేరింగు మార్చడమే.

కోన్‌లను కిరోసిన్‌లో పాత గ్రీజు పూర్తిగా పోయేదాకా కడగండి. కడిగాక ఆరబెట్టడానికి కంప్రెసర్ గాలితో బేరింగును గిరగిరా తిప్పే అలవాటు చాలామందికి ఉంది. మానేయండి. గ్రీజు లేని రోలర్లు ఆ వేగానికి గీసుకుంటాయి, రోలర్లను పట్టి ఉంచే పంజరం పగిలి ముఖం మీదికి ఎగిరే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు వెలుతురులో ఒక్కో రోలరునూ చూడండి. నీలి రంగు వేడికి గుర్తు. గుంటలు, పొర లేచిన చోట్లు అలసటకు గుర్తు. కప్పు మీద సమాన దూరంలో గీతలుగా నొక్కుళ్లు ఉంటే గట్టి దెబ్బ తగిలిందన్నమాట. వీటిలో ఏది కనిపించినా కోన్, కప్పు రెండూ మార్చాలి. పాత కప్పును వెనకనుంచి ఇత్తడి కడ్డీతో, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొడుతూ బయటికి తోయండి. కొత్తదాన్నీ అలాగే వంకర పోకుండా దించాలి. దిగేటప్పుడు దెబ్బకు బొయ్యిమనే బోలు శబ్దం వస్తుంది. అడుగుకు ఆనగానే అది ఖంగుమని గట్టిగా మారుతుంది. అక్కడ ఆపండి.

గ్రీజు ఎక్కించడం

పాత గ్రీజు ఏ రకమో తెలియకపోతే హబ్బు, స్పిండిలు కూడా శుభ్రంగా తుడిచెయ్యాలి. లిథియం గ్రీజు, పాలీయూరియా గ్రీజు, బంకమట్టి ఆధారంగా చేసినది, వీటిని కలిపితే పలచబడి కారిపోవచ్చు.

ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకోండి. కుడిచేత్తో కోన్ పట్టుకుని, దాని వెడల్పాటి అంచును గ్రీజు ముద్ద చివర ఆనించి, అరచేతి మీదుగా మీవైపు గట్టిగా నొక్కుతూ గీరండి. అదే చోట మూడు నాలుగుసార్లు. కాసేపటికి రోలర్ల మధ్య నుంచి, సన్నని వైపున, గ్రీజు పోగులు పోగులుగా బయటికి వస్తుంది. అప్పుడు బేరింగును కొద్దిగా తిప్పి పక్క రోలర్ల దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. చుట్టూ పోగులు వచ్చేదాకా ఆపొద్దు. పైపైన పూసిన గ్రీజు ఎంత దట్టంగా ఉన్నా లోపల ఎండిపోయే ఉంటుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

కప్పులకు పలచని పొర, హబ్బు లోపలి గోడకు తుప్పు పట్టకుండా మరో పొర పూయండి. హబ్బును గ్రీజుతో కూరకండి. వేడికి వ్యాకోచించి అది సీలును తోసుకుని బ్రేకుల మీదికి వెళ్తుంది. లోపలి బేరింగు పెట్టి, కొత్త సీలును స్ప్రింగు ఉన్న పెదవి బేరింగు వైపు ఉండేలా పెట్టి, చెక్క దిమ్మ అడ్డుగా వేసి అంచుతో సమంగా దించండి. సీలు పెదవికీ, అది ఆనే స్పిండిలు భాగానికీ కొంచెం గ్రీజు రాయండి. పొడిగా బిగిస్తే పెదవి త్వరగా కాలుతుంది.

డ్రమ్ము ఎక్కించేముందు చేతులు కడుక్కోండి. షూల మీద గ్రీజు వేలిముద్ర కూడా పడకూడదు. ఎలక్ట్రిక్ బ్రేకును పట్టించే అయస్కాంతం ముఖం చదునుగా అరిగిందా, ఒకవైపే అరిగిందా చూడండి. 10, 12 అంగుళాల బ్రేకుల్లో దాని రెండు తీగల మధ్య మల్టీమీటరు దాదాపు 3 నుంచి 4 ఓములు చూపాలి. తీగకూ అయస్కాంతం లోహపు ఒంటికీ మధ్య కరెంటు దారి ఉన్నట్టు చూపకూడదు.

నట్టు బిగింపు

ఈ పనంతటిలో కష్టమైనది ఇదే, ఎందుకంటే చెయ్యి ఊరికే ఎక్కువ బిగించాలనుకుంటుంది. బయటి బేరింగు, వాషరు, నట్టు వేసి, హబ్బును ఒక చేత్తో తిప్పుతూనే నట్టును 68 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. అలా తిప్పడం వల్ల రోలర్లు కప్పుల్లో సర్దుకుంటాయి, సందుల్లోని గ్రీజు పక్కకు పోతుంది. తర్వాత హబ్బును కదపకుండా నట్టు పూర్తిగా వదులు చేయండి. ఇప్పుడు పానా పక్కన పెట్టి, వేళ్లతో మాత్రమే ఆనేదాకా తిప్పండి. పిన్ను రంధ్రం నట్టు అంచున ఉన్న గాటుకు కలవకపోతే దగ్గరి గాటు దాకా వెనక్కి తిప్పాలి, ముందుకు కాదు. పిన్ను కాళ్లు వంచండి. అంతా అయ్యాక ఆ నట్టును వేళ్లతో కాస్త కదపగలగాలి, దాన్ని ఆపేది పిన్ను ఒక్కటే.

బేరింగు అక్ష దిశలో ఆట 0.025 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వేళ్లతో బిగిస్తే దాదాపు అంతే వస్తుంది. పానాతో బిగుతుగా వదిలిన హబ్బు ఖాళీగా తిప్పినప్పుడు బాగానే తిరుగుతుంది. బరువు పడి, వేడెక్కి, లోహం వ్యాకోచించాక గానీ దాని సంగతి బయటపడదు.

చక్రం పెట్టి బ్రేకు సర్దండి. చక్రాన్ని ముందుకు పోయే దిశలోనే తిప్పుతూ, గట్టిగా పట్టేదాకా సర్దుబాటు చక్రాన్ని బిగించి, స్వల్పంగా రాచుకుంటూ స్వేచ్ఛగా తిరిగేదాకా వదలండి. అరంగుళం స్టడ్డులైతే వీల్ నట్లు నక్షత్రపు వరసలో, మూడు దఫాలుగా 120 నుంచి 160 న్యూటన్ మీటర్లకు బిగించండి. 15, 40, 80 కిలోమీటర్ల దగ్గర ఆగి మళ్లీ టార్క్ చూడాలి.

గ్రీజు నిపుల్ (గ్రీజు పంపు తగిలించే చిన్న మొన) ఉన్న స్పిండిలు మీద రెండు మాటలు. విప్పకుండా పంపు చేస్తే చాలన్నది సగం నిజమే. చక్రం ఎత్తి, తిప్పుతూ, చేతి పంపుతో నెమ్మదిగా కొడితే కొత్త గ్రీజు వెనక బేరింగు దాకా వెళ్లి ముందుకు వస్తుంది. చక్రం కదపకుండా జోరుగా కొడితే సీలు లేచి గ్రీజు డ్రమ్ములోకి పోతుంది. సరిగ్గా కొట్టినా బేరింగును కళ్లతో చూసినట్టు కాదు, సీలు వయసూ తగ్గదు. నిపుల్ ఉన్నా ఏడాదికోసారి విప్పడమే మంచిది.

మొదటి ప్రయాణంలో 20 కిలోమీటర్లకు ఆగి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో అన్ని హబ్బులనూ ఒకే చోట, టోపీ పక్కన, కొలిచి రాసుకోండి. గట్టిగా బ్రేకు వేసిన వెంటనే కొలవకండి. ఎండ పడే వైపు కాస్త వేడిగానే ఉంటుంది, కాబట్టి ఒకే వైపున్న చక్రాలను ఒకదానితో ఒకటి పోల్చండి. ఒక్కటి మాత్రం పక్కదానికంటే స్పష్టంగా వేడెక్కితే, నట్టు బిగుతో బ్రేకు రాపిడో తేల్చుకోకుండా ముందుకు సాగొద్దు. చక్రం ఎత్తి, బ్రేకు సర్దుబాటు వదులు చేసి తిప్పితే ఏదో తెలిసిపోతుంది.

అభ్యాసం. ఎడమ డ్రమ్ము తీశారు. షూలు గ్రీజుతో తడిసి ఉన్నాయి. సీలు చిరగలేదు, టోపీ చుట్టూ పొడిగానే ఉంది, గ్రీజు రంగు కొత్తది. కుడివైపు అంతా శుభ్రం. ఏం జరిగి ఉంటుంది? ఏ భాగాలు మార్చాలి, షూలను ఒక్క ఎడమవైపే మార్చి ఊరుకుంటే బ్రేకు వేసినప్పుడు ట్రైలరు ఎలా ప్రవర్తిస్తుంది? జవాబు 6వ పాఠం మొదట్లో, ఆ తర్వాత బ్యాటరీ మార్పు.