కష్టంలో ఉన్నప్పుడు దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పి ప్రార్థన చేయడం ఎలా?

కష్టంలో ఉన్నవాళ్లు చేసే ప్రార్థన వింటుంటే చాలాసార్లు నాకు బాధేస్తుంది. లోపల గుండె మండిపోతుంటుంది, నోరు మాత్రం "మహోన్నతుడా, పరిశుద్ధుడా" అని మొదలుపెట్టి పది నిమిషాలు స్తుతించి, చివర్లో "అంతా నీ చిత్తం ప్రభువా" అనేసి లేచిపోతుంది. అసలు సంగతి చెప్పనే లేదు! నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను కాబట్టి చెప్తున్నా, ఇలా చేసి చూడండి.

ముందు చోటు. తలుపు వేసుకోగలిగే గది ఏదైనా సరే, ఫోన్ బయట పెట్టండి, నేల మీద కూర్చోండి. మ్యూజిక్ పెట్టొద్దు, పాట మీ బదులు ఏడ్చేస్తుంది, మీరు చెప్పాల్సింది లోపలే ఉండిపోతుంది. బైబిల్‌లో 13వ కీర్తన ఒకసారి చదవండి, ఆరే వచనాలు. మొత్తం ప్రార్థనకి పావుగంట చాలు.

తర్వాత ఆయన్ని పిలవండి. ఇంట్లో మాట్లాడే భాషలోనే పిలవాలి. "నాన్నా" అని వస్తే నాన్నా, "ప్రభువా" అని వస్తే ప్రభువా, అంతే. మాట బయటికి రావాలి, కనీసం పెదవులైనా కదలాలి, మనసులో అనుకుంటే ఆలోచన ఎటో వెళ్లిపోతుంది. బైబిల్‌లో బిడ్డ కోసం ఏడ్చిన హన్నా అలాగే చేసింది కదా, శబ్దం లేదు, పెదవులు మాత్రం కదిలాయి, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. చూసేవాళ్లు ఏమనుకున్నా ఆమె ఆపలేదు.

ఇక అసలు మెట్టు, మొర. అందరూ పాడుచేసేది ఇక్కడే, కొంచెం నిదానంగా చదవండి.

మీకు దేవుడి మీద ఏ బాధ ఉందో ఆ బాధ దేవుడికే చెప్పాలి. "కష్టాలు ఉన్నాయి ప్రభువా" అంటే చెప్పినట్టు కాదు. మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు ఒక రాత్రి హాస్పిటల్ మెట్ల మీద కూర్చుని అలవాటుగా "ప్రభువా నీకు స్తోత్రం" అనబోయాను, గొంతు దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి వచ్చిన మాట "మూడు వారాల నుంచి అడుగుతున్నా, ఎందుకు పలకవు?" అని. చేతిలో మందుల చీటీ నలిగి ముద్దయిపోయింది. అన్నాక భయమేసింది, కానీ ఆ మూడు వారాల్లో నేను నిజంగా ప్రార్థన చేసింది ఆ ఒక్క మాటే.

అలా అంటే పాపం కాదా అని అడుగుతారు. మొరకీ సణుగుడుకీ తేడా తెలిస్తే ఈ భయం పోతుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో కూర్చుని దేవుడి గురించి సణిగారు, అది ఆయన వెనక మాట్లాడటం. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు అంతకన్నా గట్టి మాటలే అన్నాడు, కానీ అందులో చాలా భాగం దేవుడి వైపు తిరిగే అన్నాడు. చివరికి దేవుడు కోప్పడింది తనని చక్కగా సమర్థించి మాట్లాడిన యోబు స్నేహితుల మీద, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తంగా పలకలేదు అని. అందుకే ప్రతి వాక్యంలో "నువ్వు" ఉందో లేదో చూసుకోండి. "దేవుడు నన్ను మర్చిపోయాడు" అనకుండా "నువ్వు నన్ను మర్చిపోయావా" అనండి.

ఇంకో జాగ్రత్త, "కానీ" అన్న మాట తొందరగా తేవొద్దు. "చాలా బాధగా ఉంది, కానీ నీకు వందనాలు" అనగానే మొర అక్కడే ఆగిపోతుంది. స్తోత్రం వస్తే దానంతట అది రానివ్వండి. 13వ కీర్తన స్తుతితో ముగుస్తుంది, 88వ కీర్తన చీకటి మాటతోనే ముగిసిపోతుంది, రెండూ బైబిల్‌లోనే ఉన్నాయి. మీది ఆ రోజు 88లా ముగిస్తే అలాగే వదిలేయండి, బలవంతంగా ఆమెన్‌కి ముందు సంతోషం అతికించొద్దు.

బేరం కూడా వద్దు. ఇది చేస్తే అది ఇస్తా అని మొదలుపెట్టారంటే మళ్లీ నటన మొదలైనట్టే. రాసి ఉంచిన ప్రార్థనలు చదివేవాళ్లున్నారు, మామూలు రోజుల్లో మంచిదే, కష్టంలో మాత్రం తడబడుతూ వచ్చే సొంత మాటే మేలు.

మొర అయ్యాక కావాల్సింది సూటిగా అడగండి. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ముందు ఈ గిన్నె, అంటే రాబోయే ఆ బాధ, తొలగించమని అడిగి, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. మనం అడక్కుండానే చిత్తం దగ్గరికి దూకేస్తాం. ఆ వరుస మార్చొద్దు.

తర్వాత రెండు నిమిషాలు ఊరికే కూర్చుని లేవండి. ఏదో వినిపించాలని ఎదురుచూడొద్దు. లేచి అన్నం తినండి, పడుకోండి. ప్రవక్త ఏలీయా చచ్చిపోవాలని ఉందని ప్రార్థిస్తే దేవుడు ముందు ఉపదేశం చేయలేదు, దూత రెండుసార్లు తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మీకూ అలాంటి ఆలోచన వస్తుంటే అది దేవుడికి చెప్పండి, ఆ రోజే నమ్మకమైన ఒక మనిషికీ డాక్టర్‌కీ కూడా చెప్పండి.

రేపు మళ్లీ కూర్చున్నప్పుడు కొత్త మాటల కోసం వెతకొద్దు. గెత్సేమనేలో యేసు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు.