ముందు కాగితం మడత, తర్వాతే కోణమానిని

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. ఇప్పుడు సాయంత్రాలు మనవరాలితో కూర్చుంటున్నాను. ఇంట్లో పిల్లల చేత సాధన చేయించే పెద్దలకు నేను మొదట చెప్పేది ఇదే: పుస్తకం తెరవకముందే పిల్లల చేతికి కాగితం, కత్తెర ఇవ్వండి. ఏది కొలవబోయినా ముందుగా "ఎంత ఉంటుందనుకుంటున్నావు?" అని అడగండి. అంచనా చెప్పాకే కొలవనివ్వండి.

సంఖ్యలతో మొదలుపెట్టండి. "మూడు వేల నలభై రాయి" అంటే కొందరు పిల్లలు 300040 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. మూడు వేలు రాసి పక్కనే నలభై పెట్టారు, విన్నది విన్నట్టే రాశారు. దాన్ని కొట్టేసి మనం 3040 అని రాసిచ్చినా రేపు మళ్లీ అదే తప్పు వస్తుంది. గళ్ల కాగితంలోంచి నాలుగు గళ్ల పట్టీ ఒకటి, రెండు గళ్ల పట్టీ ఒకటి కత్తిరించండి. గడికొక అంకె చొప్పున మొదటిదాని మీద 3000, రెండోదాని మీద 40 రాయించండి. చిన్న పట్టీని పెద్దదాని మీద కుడి అంచులు కలిసేలా పెట్టమనండి. చివరి రెండు సున్నలు 40 కింద దాక్కుంటాయి. వందల గడిలోని సున్న మాత్రం అలాగే కనబడుతుంది. "అదెందుకు మిగిలింది?" అని అడిగి ఊరుకోండి. "వందలు లేవు కాబట్టి" అనే మాట పిల్లల నోటి నుంచే రావాలి, ఎంత ఆలస్యమైనా సరే. ఒకట్లు, పదులు, వందలు, వేలు ఒక్కోదానికి 9 చొప్పున 36 పట్టీలు చేసి పెట్టుకుంటే 9999 వరకు ఏ సంఖ్యనైనా పేర్చవచ్చు.

పట్టీల పని అలవాటయ్యాక 4, 0, 7, 2 అంకెలిచ్చి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి అతి పెద్ద, అతి చిన్న నాలుగంకెల సంఖ్యలు రాయమనండి. 7420 వెంటనే వస్తుంది. చిన్నదానికి చాలామంది 0247 రాస్తారు. పైకి చదవమనండి. "రెండు వందల నలభై ఏడు" అంటుండగానే అది మూడంకెల సంఖ్య అయిపోయిందని వారికే తెలుస్తుంది, 2047 దానంతటదే వస్తుంది.

ఇక కోణాలు. ఒక కాగితం ముక్కను వంకరటింకరగా చింపండి. తిన్నని అంచు ఒక్కటి కూడా లేకపోతే మరీ మంచిది. ఒకసారి మడిస్తే తిన్నని గీత వస్తుంది. ఆ గీతలో ఒక సగం రెండో సగం మీద సరిగ్గా కూర్చునేలా మళ్లీ మడవండి. చేతిలో లంబకోణం తయారు. తిన్నని గీత 180 డిగ్రీలు, దాన్ని సగం చేశాం కాబట్టి 90. మరో మడతతో 45. చింపిన ముక్కలోంచి ఇంత కచ్చితమైన మూల పుట్టడం చూసి పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, నాకు ఇప్పటికీ ఆ క్షణం ఇష్టం. మా మనవరాలు దీనికి "మూల బిళ్ల" అని పేరు పెట్టింది. దాన్ని పట్టుకుని తలుపు మూల, పుస్తకం మూల, తెరిచిన కత్తెర, అన్నిటికీ ఆనించి చూడమనండి: సరిపోయిందా, తక్కువా, ఎక్కువా?

ఇక్కడొక పొరపాటు తప్పకుండా బయటపడుతుంది. ఒకే కోణాన్ని ఒకచోట పొట్టి భుజాలతో, ఇంకోచోట పొడవాటి భుజాలతో గీసి చూపితే, పొడవైనదే పెద్ద కోణం అంటారు. వాదించవద్దు. పొట్టి భుజాలదాన్ని కత్తిరించి పొడవాటి భుజాలదాని మూలలో పెట్టించండి. కోణమంటే భుజాల పొడవు కాదు, వాటి మధ్య తిరుగుడు అని అప్పుడు చెబితే నిలుస్తుంది.

ఆ తర్వాతే కోణమానిని, అంటే కోణాలు కొలిచే ప్రొట్రాక్టర్. దాని మీద రెండు వరుసల అంకెలుంటాయి కాబట్టి 60 ఉన్నచోట 120 చదవడం సహజం. అందుకే కొలిచే ముందు "లంబకోణం కంటే తక్కువా, ఎక్కువా?" అని అడగాలి. తక్కువ అన్న పిల్ల 120 అని చదవగానే తానే ఆగి రెండో వరుస చూస్తుంది. ఇంకొక్క మాట: కోణం గీత మీద పెట్టాల్సింది ప్లాస్టిక్ అంచును కాదు, సున్న గీతను.

ఆకారాలకు ఎక్కువ సమయం అక్కర్లేదు. చతురస్రాన్ని ఏటవాలుగా తిప్పి చూపినా, త్రిభుజాన్ని తలకిందులు చేసినా వాటి పేరు మారదని తెలిస్తే చాలు.

సౌష్ఠవం దగ్గర మాత్రం నిదానించండి. ఏ గీత వెంట మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయో అదే సౌష్ఠవ రేఖ. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక అమ్మాయి దీర్ఘచతురస్రానికి కర్ణాన్ని సౌష్ఠవ రేఖగా గీసింది. తప్పు అన్నాను. "రెండు ముక్కలూ సమానమే కదా టీచర్?" అంది. ఆ మాట నిజమే. నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. మర్నాడు అందరికీ కాగితాలిచ్చి కర్ణం వెంట మడిపించాను. మూలలు రెండు పక్కలకు పొడుచుకొచ్చాయి. సమానంగా ఉండటం వేరు, మడిస్తే ఒకదాని మీద ఒకటి కూర్చోవడం వేరు అని ఆ అమ్మాయే అందరికీ చెప్పింది. ఇలా మడిచి చూస్తే దీర్ఘచతురస్రానికి 2, చతురస్రానికి 4, సమబాహు త్రిభుజానికి 3 రేఖలు వస్తాయి. వాలుగా ఉన్న సమాంతర చతుర్భుజాన్ని, అంటే దీర్ఘచతురస్రమూ సమచతుర్భుజమూ కానిదాన్ని, ఎలా మడిచినా ఒక్కటీ రాదు. ఆ సున్నను పిల్లలు నమ్మరు, పది రకాలుగా మడుస్తారు. మడవనివ్వండి. మన లిపిలో కూడా వెతికించవచ్చు: గుండ్రంగా రాసిన పూర్ణానుస్వారానికి లెక్కలేనన్ని రేఖలు, రెండు సున్నల విసర్గకు రెండే.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ముల్లుల గడియారం ఉంటే, అంకెకూ అంకెకూ మధ్య 30 డిగ్రీలని చెప్పి, మూడు గంటలకు ముల్లుల మధ్య కోణం అడగండి: 90. మూడున్నరకు? పెద్ద ముల్లు 6 మీద, చిన్నది 3 మీద అనుకుని మళ్లీ 90 అంటారు. గడియారం ముందు నిలబెట్టి చిన్న ముల్లు నిజంగా ఎక్కడుందో చూడమనండి. అది 3కీ 4కీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. జవాబు 75.