హాబీ ప్రాజెక్టులకు కెపాసిటర్లు: ఏవి కొనాలి, ఎలా చూసి కొనాలి

కోఠి గుజరాతీ గల్లీలో ‘100 మైక్రోఫారడ్ ఇవ్వండి’ అని అడిగితే షాపతను వెంటనే ‘ఎన్ని వోల్టులది?’ అంటాడు. అసలు ప్రశ్న అదే. మామూలు ఎలక్ట్రోలిటిక్‌లో (ప్లస్, మైనస్ కాళ్లుండే డబ్బా లాంటి రకం) విలువ 20 శాతం అటూఇటూ ఉండటం సహజం, 100 బదులు 120 వచ్చినా పవర్ సప్లై దగ్గర ఏమీ కాదు. వోల్టేజీ, రకం మాత్రం సరిగ్గా ఉండాలి.

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కదా అని 16 వోల్టుల కెపాసిటర్ పెట్టకండి. 12 అనేది ఏసీ లెక్క, దాని పీక్, అంటే అత్యధిక స్థాయి, దాదాపు 17 వోల్టులు, లోడ్ లేనప్పుడు ఇంకా పైకి పోతుంది. 25 పెట్టండి, 35 దొరికితే మరీ మంచిది. డీసీ లైనైతే కనీసం ఒకటిన్నర రెట్లు చూసుకోండి, అంటే 5 వోల్టులకు 10 లేదా 16.

ఇక ఎంత పెద్దది కావాలంటే, మన 50 హెర్ట్జ్ కరెంటుకు బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) తర్వాత కెపాసిటర్ 10 మిల్లీసెకన్లకోసారి నిండుతుంది, ఆ మధ్యలో లోడును మోయాల్సింది అదే కాబట్టి 2200 మైక్రోఫారడ్ పెట్టి అరాంపియర్ లాగితే వోల్టేజీ సుమారు 2.3 వోల్టులు పడిపోతుంది. 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్‌కి కనీసం 7 వోల్టులు అందాలి. ఆ పడిపోయే వోల్టేజీ తీసేశాక ఎంత మిగులుతుందో లెక్కేసి కొనండి.

సెరామిక్‌లో 104 అని రాసున్నవి వంద కొని పెట్టుకోండి. 10 పక్కన నాలుగు సున్నాలు పికోఫారడ్‌లు, అంటే 0.1 మైక్రోఫారడ్. ప్రతి ఐసీ పవర్ కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య ఒకటి, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టాలి. బ్రెడ్‌బోర్డు అవతలి చివర గుచ్చితే పెద్దగా లాభం ఉండదు, పొడవాటి వైరే అడ్డం. ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్) వైఫై ఆన్ అవగానే రీసెట్ అవుతుంటే కోడ్ మీద పడేముందు దాని సప్లై ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ ఒకటి పెట్టి చూడండి, చాలాసార్లు టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

సెరామిక్‌లన్నీ ఒకటి కావు. వై5వీ రకం వేడికీ వోల్టేజీకీ విలువ బాగా కోల్పోతుంది, ఎక్స్7ఆర్ అడగండి. మైక్రోకంట్రోలర్‌కు క్లాక్ ఇచ్చే క్రిస్టల్ పక్కన పెట్టే 22 పికోఫారడ్‌లకైతే సీ0జీ రకం. 555 టైమర్‌లో టైమింగ్ కచ్చితంగా రావాలంటే ఫిల్మ్ కెపాసిటర్ వాడండి, ఎలక్ట్రోలిటిక్ లీకవుతుంది కాబట్టి లెక్క కుదరదు.

ఎలక్ట్రోలిటిక్ ఒంటి మీద గీత ఉన్న వైపు మైనస్. తిరగేస్తే వేడెక్కి ఉబ్బి పేలిపోవచ్చు, పవర్ ఇచ్చేముందు వంగి ఆ గీత ఒక్కసారి చూడండి. డబ్బాలో మూసి ఉంచే ప్రాజెక్టుకు 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది తీసుకోండి. ధర తేడా తక్కువ, ఆయుష్షు తేడా ఎక్కువ.

230 వోల్టుల లైనుకు, న్యూట్రల్‌కు మధ్య ఎక్స్2 (మెయిన్స్ లైనుకు పెట్టే సేఫ్టీ రకం) అని ముద్ర ఉన్నదే వాడాలి, మామూలు ఫిల్మ్‌ది 400 వోల్టులని ఉన్నా సరే వద్దు. ప్లగ్ తీసేశాక కూడా అందులో ఛార్జి మిగిలే ఉంటుంది, అందుకే దాని రెండు కాళ్ల మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ వేయండి, చేయి పెట్టేముందు మీటరుతో సున్నా చూసుకోండి.