మ్యూజే మెకానిక్‌కు వెళ్లే ముందు చిల్లర సిద్ధం చేసుకోండి

శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిషర్‌మన్స్ వార్ఫ్‌కు పిల్లాపాపలతో వెళ్లేవారు పియర్ 45 అనే రేవుకట్ట మీదున్న మ్యూజే మెకానిక్ అనే పాత ఆటయంత్రాల ప్రదర్శనశాలను తప్పక చూడాలి. ప్రవేశం ఉచితమే గాని, నాణెం వేస్తే కదిలే అక్కడి పాతకాలపు యంత్రాలలో చాలావాటికి 25 సెంట్ల క్వార్టర్లు కావాలి కనుక, ముందే చిల్లర మార్చుకొని తలా కొన్ని పంచి ఇవ్వడం మంచిది. అక్కడ వీడియో గేములు కూడా ఉన్నా, అవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి, ఆ నాణేలను జోస్యం చెప్పే బొమ్మల దగ్గర, తమంతట తాము మోగే పియానోల దగ్గర, అద్దాల పెట్టెల్లో కదలాడే చిన్న బొమ్మల దృశ్యాల దగ్గర ఖర్చు పెట్టండి. ఆ దృశ్యాలలో మరణశిక్షను చూపేవి కూడా ఉన్నాయి. చిన్నపిల్లల చేత నాణెం వేయించే ముందు పెట్టె మీది పేరును పెద్దలు చదవాలి. లాఫింగ్ శాల్ అనే నిలువెత్తు బొమ్మ ఒక్కసారిగా బిగ్గరగా నవ్వుతుంది, కాబట్టి పసివాళ్లను ఎత్తుకొని చూపించండి.