ఓఆర్‌ఎస్ చిక్కగా కలపకండి

మా పర్లాకిమిడిలో ఎండలు ముదిరాయంటే విరేచనాలతో ఎవరో ఒకరు మంచం పట్టాల్సిందే. మొన్న మా తోటికోడలు పిల్లాడి కోసం ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) లీటరు పొట్లంలో సగం పొడి ఒక్క గ్లాసు నీళ్లలో ఒంపేసింది. "చిక్కగా ఉంటే బలం కదక్కా" అంది. తిరకాసంతా అక్కడే ఉంది.

పేగు గోడలోని కణాలకు ఒక తలుపుంది. గ్లూకోజు, ఉప్పులోని సోడియం జంటగా వస్తేనే అది రెండింటినీ లోపలికి లాక్కుంటుంది. అవి వెళ్లిన చోటికి నీరు దానంతటదే వెళ్తుంది. విరేచనాలప్పుడు కూడా చాలావరకు ఈ తలుపు పనిచేస్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లే తాగించి ఎందరినో బతికించారు.

మరీ చిక్కగా కలిపితే కథ తిరగబడుతుంది. ఉప్పు రాసిన కాకరకాయ ముక్కల్లోంచి నీరూరడం చూస్తాం కదా, అలాగే ఒంట్లోని నీరే పేగులోకి ఊరి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తియ్యటి కూల్‌డ్రింకులు పట్టించినా అంతే.

అందుకే పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసుందో చూసి, పొడి మొత్తం ఒకేసారి కలపండి. పెద్ద పొట్లమైతే లీటరు, చిన్నదైతే 200 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకి తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు మాత్రం ఉజ్జాయింపుగా వెయ్యొద్దు. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయండి. పిల్లాడు మగతగా ఉన్నా, ఒంటేలు ఆగినా, విరేచనంలో నెత్తురు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.