తల్లి ఓపిక అడుగంటినప్పుడు: గుర్తించడం, తేరుకోవడం

రాత్రి కంటినిండా నిద్రపోతే తీరే అలసట ప్రతి తల్లికీ ఉంటుంది. అది కాక, నిద్ర లేచేసరికే ఒళ్లు బరువెక్కి, బిడ్డ ‘అమ్మా’ అని పిలవగానే చిరాకు పుట్టి, అలా పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం కలిగే స్థితి మరొకటి ఉంది. వారాల తరబడి వీడని ఆ స్థితిని ప్రేమ లేనితనంగా కొట్టిపారేయరాదు. పిల్లల పెంపకంలో ఓపిక పూర్తిగా హరించుకుపోయే ఈ స్థితిని ‘పేరెంటల్ బర్నౌట్’ అంటారు. బెల్జియం పరిశోధకులు ఇసాబెల్ రోస్కామ్, మొయిరా మికోలాయ్‌జాక్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పారు: తీరని నిస్సత్తువ, పిల్లల పెంపకంలో సంతోషం పోవడం, బిడ్డ నుంచి మనసు దూరం కావడం, ‘నేను ఇదివరకు ఇలా ఉండేదాన్ని కాదు’ అన్న బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో బర్నౌట్‌ను ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా మాత్రమే పేర్కొన్నది. సెలవన్నదే లేని ఈ పనికి అందులో చోటు దొరకనంత మాత్రాన తల్లుల బాధ అబద్ధం కాదు.

వీటిలో మనసు దూరం కావడాన్ని ఇంట్లోవారు సులభంగా పోల్చుకోలేరు, ఎందుకంటే పనులేవీ ఆగవు. టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగుకు వెళ్లే తల్లి అయినా, కావలిలో బ్యాంకు ఉద్యోగం చేసే తల్లి అయినా వేళకు స్నానం చేయిస్తుంది, అన్నం పెడుతుంది, స్కూలు వ్యాన్ ఎక్కిస్తుంది. అయితే బిడ్డ తాను వేసిన బొమ్మ తెచ్చి చూపితే తల తిప్పకుండానే ‘బాగుంది’ అంటుంది. గ్లాసు నీళ్లు ఒలికితే ఇల్లు అదిరేలా అరిచి, ఆ తరువాత స్నానాల గదిలో గొళ్లెం వేసుకుని అవసరానికి మించి నిలబడిపోతుంది. తప్పు చేశానన్న బాధతో మరునాడు ఇంకొక పని నెత్తిన వేసుకుంటుంది, దానితో అలసట ఇంకా పెరుగుతుంది.

ముందుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నది; గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే అది రక్తహీనతే. థైరాయిడ్, బి12 కూడా చూపించుకోవాలి. ఇవి సరిగా ఉన్నప్పుడు డిప్రెషన్ సంగతి ఆలోచించాలి. పిల్లలను అమ్మమ్మ దగ్గర ఉంచిన రోజున మనసు తేలికపడితే అది చాలావరకు పెంపకపు అలసట. ఎక్కడున్నా, ఏం చేసినా రెండు వారాలకు పైగా దిగులు, నిరాశ వదలకపోతే వైద్యునికి చూపించుకోవాలి.

తేరుకోవడంలో మొదటి మెట్టు నిద్ర. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రిని రెండు భాగాలు చేసుకుని, ఒక భాగం పూర్తిగా వేరొకరు చూసుకోవాలి. పాలిచ్చే తల్లి అయితే పాలు పట్టిన వెంటనే బిడ్డను ఎత్తుకుని నిద్రపుచ్చే బాధ్యత తండ్రిదో, అత్తగారిదో కావాలి.

రెండవ మెట్టు దగ్గరే చాలా ఇళ్లు తప్పటడుగు వేస్తాయి. ‘ఏం చేయాలో చెప్పు, చేస్తాను’ అనడం సాయం కాదు, ఎందుకంటే ఒంటిని మించి అలసిపోయేది అన్నీ గుర్తుపెట్టుకునే బుర్ర. పని అప్పగిస్తే మొదలు నుంచి చివరిదాకా అప్పగించాలి. పిల్లల క్యారేజీనే చూడండి: రేపటికి కూర ఏమిటో తేల్చడం, సాయంత్రమే కూరగాయలు ఉన్నాయో లేవో చూడడం, పొద్దున వండి సర్దడం, బడి నుంచి వచ్చిన డబ్బా మూత రబ్బరు తీసి కడగడం, ఇవన్నీ కలిస్తే ఒక పని. భర్త దానిని తీసుకుంటే మొత్తంగా తీసుకోవాలి. ఉప్పు తక్కువైనా తల్లి జోక్యం చేసుకోకూడదు. బెంగళూరులోనో, చెన్నైలోనో పని చేసే భర్త కూడా ఫీజులు, వ్యాన్ డ్రైవరుతో మాటలు, టీకాల తేదీలు, వీడియో కాల్‌లో హోంవర్కు తన మీద వేసుకోవచ్చు.

‘మేం నలుగురిని పెంచలేదా’ అని పెద్దలు అంటారు. పెంచారు, నిజమే, కానీ ఆనాటి ఇళ్లలో తోటికోడళ్లు, ఆడబిడ్డలు, పక్కింటివారు ఉండేవారు. వాదించే బదులు ‘అత్తయ్యా, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా బిడ్డను మీరు ఉంచుకోండి, నేను పడుకుంటాను’ అని వేళతో సహా అడిగితే కాదనేవారు తక్కువ. మూడేళ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపడం నామోషీ కాదు. డ్వాక్రా సమావేశంలో అప్పు లెక్కలు అయ్యాక ఈ మాట ఎత్తండి. సారా వల్ల ఇంట్లో పడుతున్న బాధను నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో ఒకరితో ఒకరు చెప్పుకున్నాకే అది నలుగురి సమస్య అయి, సారా వ్యతిరేక ఉద్యమంగా మారింది.

కాస్త నిద్ర కుదిరాక రోజూ పది నిమిషాలు బిడ్డ పక్కన ఊరికే కూర్చోండి. చదువు, తిండి మాటలు వద్దు. దూరమైన మనసు ఒక్కసారిగా రాదు, దానికి కొన్ని నెలలు కూడా పట్టవచ్చు.

తనకో, బిడ్డకో హాని చేయాలన్న తలపు వచ్చినా, ప్రసవమైన కొత్తలో లేని మాటలు వినిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్యులు ఉంటారు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డకు పాలిస్తున్న సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. ఆ కాలంలోనూ వాడదగిన మందులు ఉన్నాయి, కాస్త తేలికపడగానే వాటిని తమంతట తాము ఆపకూడదు.